లోకం టీచర్

డర్బన్‌లో మన పిల్లలు చదివే బడులలో, సెలవుపై వెళ్ళిన ఉపాధ్యాయుని స్థానంలో కొంతకాలం పాఠం చెప్పడానికి వచ్చేవారిని 'లోకం టీచర్' అంటారు. అది లాటిను మాట. ఒకరి చోటు కాచుకొని ఉండేవారు అని దాని అర్థం. నేను మొదటిసారి ఆ పనిమీద బయలుదేరిన రోజున మా అత్తగారు, "లోకమంతటికీ నువ్వే టీచరువా అమ్మా?" అని అడిగారు. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాము. పనిలోకి దిగిన తరువాత ఆమె అన్నది అంత తప్పేమీ కాదనిపించింది.

ఈ నాలుగు మాటలు వ్రాయడానికి మా అక్క కూతురు కారణం. నాలుగేళ్ళ బి.ఎడ్. పూర్తి చేసిన పిల్ల. మూడేళ్ళలో నాలుగు బడులు మారింది, అన్నిచోట్లా లోకమే. దీపావళికి మా ఇంటికి వచ్చినప్పుడు, "పిన్నీ, నేను పని చేసిన నెలలు, జీతం అందిన నెలలు లెక్కవేస్తే రెండూ కలవడం లేదు" అన్నది. మన ఇండ్లలో ఇటువంటి పిల్లలు ఇంకా ఉన్నారు. అందుచేత నాకు తెలిసినది ఇక్కడ చెబుతున్నాను.

ముందు పని సంగతి. పిలుపు సాధారణంగా ఆదివారం సాయంత్రమో, తెల్లవారి ఆరు గంటలకో వస్తుంది. బడికి వెళ్ళేసరికి తరగతి బీరువాకు తాళం వేసి ఉంటుంది. చెవి సెలవులో ఉన్న టీచరమ్మ సంచిలో ఉంటుంది. ఏ పాఠం వరకు జరిగినదీ చెప్పే పుస్తకం ఆ బీరువాలోనే ఉంటుంది. నలభైమంది పిల్లల పేర్లు తెలియవు. వారికి మాత్రం ఈమె కొత్తదని క్షణంలో తెలిసిపోతుంది. ఒకని పేరు మరొకడు చెబుతాడు. "మా టీచరు మమ్మల్ని ఇక్కడే కూర్చోమన్నారు" అని చెలికత్తెలందరూ ఒకే బల్ల దగ్గర చేరతారు. మూడో రోజుకు గాని తరగతి చేతికి రాదు. చేతికి వచ్చిన తరువాత అసలు బాధ మొదలవుతుంది: ఒక చిన్నది దగ్గరకు వచ్చి, "మీరు ఎన్నాళ్ళుంటారు?" అని అడుగుతుంది. ఏమని చెప్పాలి?

పనిలో తగ్గింపు ఏమీ లేదు. నిబంధనల ప్రకారం ఉపాధ్యాయుడు రోజుకు కనీసం ఏడు గంటలు బడిలో ఉండాలి. లోకం టీచరుకూ అంతే. హాజరుపట్టీ, మైదానం కాపలా, టర్ము చివర మార్కులు, తల్లిదండ్రుల సమావేశం అన్నీ ఆమెవే. స్టాఫు రూములో కుర్చీ మాత్రం ఎవరిదో అయి ఉంటుంది. ఆ టీకప్పు నాది అని ఒక పెద్దాయన నాతో రెండుసార్లు అన్నాడు. మూడోనాటి నుంచి ఇంటినుంచే కప్పు తీసుకొని వెళ్ళాను.

ఇక జీతం. ఇందులో మొదట తెలుసుకోవలసినది ఒకటే: ఇచ్చేది ఎవరు? ప్రభుత్వ విద్యాశాఖా, లేక బడి పాలకమండలా? పిల్లలకు ఈ తేడా తెలియదు, తలుపుమీద వ్రాసి ఉండదు.

శాఖ ఇచ్చేటట్లయితే చదువును బట్టి జీతం కడతారు. మెట్రిక్ ఒక్కటే ఉంటే ఆర్.ఇ.క్యూ.వి. 10, మూడేళ్ళ డిప్లొమాకు 13, నాలుగేళ్ళ శిక్షణకు 14. దానిమీద పింఛను, వైద్య సహాయం, ఇంటి భత్యం మొదలైనవాటికి బదులుగా మూల జీతంలో 37 శాతం కలుపుతారు. లెక్కకు సులువుగా మూల జీతం 20,000 రాండ్లు అనుకుందాము. పైన 7,400 వస్తుంది, మొత్తం 27,400. చూడడానికి స్థిరమైన ఉద్యోగికన్నా ఎక్కువే. కాని ఆ ఉద్యోగి 7.5 శాతం పింఛను నిధికి కడితే ప్రభుత్వం తన వంతు 13 శాతం వేస్తుంది. లోకం టీచరుకు ఆ నిధి లేదు. జబ్బుచేస్తే వైద్యం ఖర్చు, ముసలితనానికి దాచుకొనేది అంతా ఆ 7,400 లోనే. పైగా ఒప్పందం ఉన్నన్నాళ్ళే అది. దానిని చూసి కారు వాయిదాలకు సంతకం పెట్టినవారిని నేనెరుగుదును.

పాలకమండలి సంగతి వేరు. 1996 నాటి పాఠశాలల చట్టం ప్రకారం, ప్రభుత్వమిచ్చిన ఉద్యోగాలకు మించి తమ సొంత డబ్బుతో ఉపాధ్యాయులను పెట్టుకొనే అధికారం మండలికి ఉన్నది. ఆ డబ్బు చాలావరకు ఫీజులనుంచి రావాలి. కాబట్టి ఫీజు బాగా వసూలయ్యే బడిలో ఒక జీతం, బీదపేటలో మరొక జీతం, చదువు ఒకటే అయినా. ఇక్కడ 37 శాతం మాట అడగకండి. నిరుద్యోగ భీమాకు మాత్రం ఉద్యోగి 1 శాతం, మండలి 1 శాతం కట్టాలి. కట్టారా అని చీటీలో చూసుకోండి, బడి మారే సమయంలో ఆ భీమాయే ఆదుకుంటుంది. వారానికి 22 గంటలకు తక్కువ పని అయితే సాధారణంగా 25 శాతం పన్ను పట్టుకుంటారు. ఏడాది చివర పన్ను లెక్క దాఖలు చేస్తే ఎక్కువైనది తిరిగి వస్తుంది. చాలామంది దాఖలు చేయరు.

నా అనుభవం మండలి జీతం మీదనే. 1996 నుంచి ప్రభుత్వం ఉపాధ్యాయులను బడుల మధ్య సర్దుతూ, వెళ్ళదలచినవారికి ఒక మొత్తమిచ్చి పంపినప్పుడు నేనూ వెళ్ళాను. కొన్నేళ్ళకు లోకంగా తిరిగి వచ్చాను. ఒక బడిలో నా ఒప్పందం డిసెంబరులో పిల్లలు ఇంటికి పోయిన రోజుతో ముగిసింది, జనవరిలో బడి తెరిచిన రోజున మళ్ళీ మొదలైంది. మధ్యనున్న వారాలకు నేను ఎవరి టీచరునూ కాను.

ప్రసూతి సెలవు నాలుగు నెలలు, క్యాలెండరు నెలలు. బడి సెలవులు కూడా అందులో కలిసిపోతాయి. కాబట్టి పుట్టబోయే బిడ్డ ఏ నెలలో పుడుతుందన్నదాన్ని బట్టి మన పిల్ల పనిదినాలు పెరుగుతాయి, తగ్గుతాయి. ఇంకొక చిక్కు: వేరొకరి స్థానంలో ఉన్నంతకాలం ఎంత బాగా పని చేసినా ఆ ఉద్యోగం ఈమెకు స్థిరపడదు, ఎందుకంటే అది ఖాళీ కాదు. ఖాళీ అయిన ఉద్యోగంలో తాత్కాలికంగా ఉన్నవారినైతే స్థిరపరచే వీలు చట్టంలో ఉన్నది. ఈ రెండింటినీ ఒకటే అనుకొని ఏళ్ళు గడిపేవారున్నారు.

మా అక్క కూతురికి జరిగినది ఇది. బడి పేరెందుకు, "ముందు చేరండి, కాగితాలు తరువాత చూద్దాం" అన్నారు. చేరింది. జెడ్ 83 దరఖాస్తు, ఉపాధ్యాయ మండలి నమోదు పత్రం, బ్యాంకు వివరాలు ఇచ్చింది. అవి బడినుంచి జిల్లా కార్యాలయానికి, అక్కడినుంచి పైకి వెళ్ళాలి. పర్సాల్ నెంబరు పడేవరకు ఒక రాండు కూడా రాదు. మూడు నెలలు అద్దె మా అక్క కట్టింది. చివరకు డబ్బు వచ్చినప్పుడు, అనుమతి తేదీకి ముందు చెప్పిన రెండు వారాల పాఠాలు లెక్కలోకి రాలేదు.

1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి ఇక్కడికి చేరిన కాలంలో, మనవారి అగ్రిమెంటులో మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెంచి అయిదో ఏట 14 అని వ్రాసి ఉండేది. ఆ కాగితం ఎంత క్రూరమైనదో మన అవ్వలు చెప్పగా విన్నాము. అయినా ఎంత ఇస్తారో, ఎన్నేళ్ళో అందులో ఉన్నది. బి.ఎడ్. చదివిన పిల్ల నోటిమాట మీద పనిలోకి వెళ్ళింది!

పోయిన ఆదివారం సాయంత్రం ఆమెకు మళ్ళీ పిలుపు వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. "జీతం శాఖదా, మండలిదా సార్? ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, మధ్య సెలవులు అందులో ఉన్నాయా? ఉత్తరం ఎప్పుడిస్తారు?" అని అడిగింది. గొంతు కొంచెం వణికింది. అవతల కొంతసేపు మాట లేదు. తరువాత, "రేపు ఏడింటికి ముందు ఆఫీసుకు రామ్మా, వ్రాసి ఇస్తాను" అన్నారట.

వెళ్ళింది. ఉత్తరం చేతికి వచ్చింది. మూడో గ్రేడు, నలభై ఒక్కమంది పిల్లలు. బీరువా తాళంచెవి మాత్రం ఇంకా దొరకలేదట.