తెర ఇక్కడ, ప్రోగ్రామ్ అక్కడ

1984లో అమెరికాలోని ఎంఐటీలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ ఎక్స్ విండో సిస్టమ్‌కు ప్రాణం పోశారు. ప్రోగ్రామ్ ఒక కంప్యూటర్‌లో నడుస్తుంది, దాని విండోలు, మెనూలు మరో కంప్యూటర్ తెర మీద కనిపిస్తాయి. ఆ రోజుల్లో ఇది గొప్ప సాహసం. 1987 సెప్టెంబరులో వచ్చిన ఎక్స్11 రూపం లైనక్స్ యంత్రాల్లో ఇప్పటికీ బతికే ఉంది.

ఎక్స్ సాధారణంగా తెర బొమ్మను పంపదు, ఆజ్ఞలు పంపుతుంది: ఇక్కడ గీత గీయి, అక్కడ ఈ అక్షరాలు వెయ్యి. వీటికి జవాబు అక్కర్లేదు కాబట్టి గుంపుగా వెళ్లిపోతాయి. చిక్కంతా ప్రశ్నలతోనే. ఈ ఫాంట్ నీ దగ్గర ఉందా? ఈ పేరుకు నువ్విచ్చే నంబరెంత? ఒక్కో ప్రశ్న వేసి, జవాబు వచ్చేదాకా ప్రోగ్రామ్ చేతులు కట్టుకుని నిలబడుతుంది. పప్పుకొకసారి, ఉప్పుకొకసారి, చింతపండుకొకసారి కొట్టుకు పరిగెత్తడం లాంటిదిది. కొట్టు పక్కింట్లోనే ఉంటే ఇబ్బంది తెలియదు. ఎంఐటీ క్యాంపస్ నెట్‌వర్క్‌లోనూ తెలియలేదు.

ఇంటి నుంచి మోడెమ్ మీద పనిచేసే రోజులొచ్చాక తెలిసింది. దాన్ని తీర్చేందుకు 1996లో ఎక్స్‌కు ఎల్‌బీఎక్స్ అనే విస్తరణను ప్రామాణికం చేశారు. ఎక్స్ సందేశాలను కుదించడం మీదే అది ఎక్కువ ఆశ పెట్టుకుంది. కానీ అది అనుకున్నంత మేలు చేయలేదని దాని రూపకర్తల్లో ఒకరైన కీత్ ప్యాకార్డే తర్వాత స్వయంగా రాశారు. తన పనిని తానే కొలిచి, ఫలించలేదని నలుగురికీ చెప్పిన ఆ నిజాయతీ నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. 2003లో ఆయన, గెటిస్ కలిసి నెట్‌వర్క్‌లో కదిలే సందేశాలను పరిశీలించి అసలు జబ్బును పట్టుకున్నారు: లైను సన్నదనం కన్నా, రానుపోను ప్రయాణాలే ఎక్కువగా నడుము విరుస్తున్నాయి.

ఈ జబ్బుకు డబ్బుతో మందు లేదు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే వెళ్తుంది. హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియాకు 13 వేల కిలోమీటర్ల పైనే. తీగ తిన్నగా వేసినా, రానుపోను 130 మిల్లీసెకండ్లు తప్పవు. అలాంటి ప్రశ్నలు వంద వరుసగా వేస్తే 13 సెకన్లు గడిచిపోతాయి, విండో మాత్రం తెరుచుకోదు. లైను వెడల్పు పదింతలు చేసినా ఆ 13 తగ్గదు.

ఇటలీకి చెందిన జాన్ ఫిలిప్పో పిన్జారి 2000ల తొలినాళ్లలో ఎన్ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో దీనికి దారి చూపాడు. ప్రోగ్రామ్ ఉన్న చోటే ఒక ప్రతినిధిని కూర్చోబెట్టాడు. ప్రోగ్రామ్‌కు అదే తెరలా కనిపిస్తుంది, చాలా ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబిస్తుంది. ఇక దూరం వెళ్లాల్సింది ఎక్కువగా ఆజ్ఞలే. పాత సందేశాలను రెండు వైపులా దాచుకుని, కొత్తదానిలో తేడాను మాత్రమే పంపే కుదింపూ ఉంది. ఈ కుదింపుకు పునాది బ్రయన్ పేన్ రాసిన డీఎక్స్‌పీసీ అనే ప్రోగ్రామ్. అలా సన్నటి మోడెమ్ లైన్ల మీద కూడా పూర్తి డెస్క్‌టాప్‌తో పని చేసుకోగలిగారు. ఎక్స్‌టూగో అనే దూరపు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ ఆ ఎన్ఎక్స్ లైబ్రరీల మీదే నడుస్తోంది.

దూరపు డెస్క్‌టాప్ నత్తనడక నడుస్తుంటే, ఖరీదైన ఇంటర్నెట్ ప్లాన్‌కు మారేముందు ఒక్కసారి పింగ్ కొట్టి రానుపోను సమయం చూడండి. ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లయితే ప్రశ్నలన్నీ ముందే పోగుచేసి ఒకేసారి పంపండి.