బాసరలో మా పాప పలక విసిరేసింది! చిన్నపిల్లలతో అక్షరాభ్యాసానికి వెళ్లేముందు ఇది వినండి

ఈరోజు మా బాసర ట్రిప్ గురించి చెప్తాను. అక్కడ మా రెండున్నరేళ్ల పాప చేసిన గొడవ, దాని వల్ల ఇంట్లో మొదలైన భయం, రెండూ చెప్తాను.

మాది ఆర్మూర్, పసుపు పండించే ఇల్లు. అక్షరాభ్యాసం అంటే వసంత పంచమికే చేయించాలని అందరూ అంటారు. కానీ ఆ పండుగ మాఘమాసంలో వస్తుంది. మాకేమో పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, కళ్లంలో ఆరబెట్టడం అన్నీ అప్పుడే. పైగా ఆ రోజు బాసరలో ఇసకేస్తే రాలనంత జనం. అందుకే పసుపు అమ్ముకున్నాక, ఒక మామూలు బుధవారం పొద్దున్నే బయల్దేరాం. నిజామాబాద్ నుంచి నవీపేట్ మీదుగా సుమారు 35 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్లకి బాసరలోనే స్టేషన్ ఉంది.

బాసర గోదావరి ఒడ్డున ఉంటుంది, ఇప్పుడు నిర్మల్ జిల్లా. వ్యాసమహర్షి రోజూ నదిలో స్నానం చేసి, మూడు పిడికిళ్ల ఇసుక తెచ్చి పోస్తే సరస్వతి, లక్ష్మి, కాళి విగ్రహాలయ్యాయని స్థలపురాణం. వ్యాసుడి పేరు మీదే ఇది వ్యాసర, తర్వాత బాసర అయిందంటారు.

ఇక అసలు విషయం. మండపంలో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాం. ముందు పలక, బలపం, బియ్యం. పంతులు గారు చెప్తుంటే పెద్దవాళ్లు పాప చెయ్యి పట్టుకుని రాయించాలి. మా పాప బలపం పట్టుకోలేదు. ఒకటే ఏడుపు. పలక తీసి అవతల పడేసింది! పంతులు గారికి ఇదేం కొత్త కాదు కదా, పాప వేలు బియ్యంలో పెట్టించి కానిచ్చేశారు.

కానీ మా అత్తమ్మ ముఖం వాడిపోయింది. కారెక్కాక మెల్లగా అడిగింది: "సదువు అబ్బదేమోనే బిడ్డా?" మా ఆయన అయితే వెంటనే నర్సరీలో వేసేద్దాం అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ గుబులే.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. రెండున్నరేళ్లకి మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. ఆ వయసులో పిల్లలు క్రేయాన్‌ని కూడా పిడికిలితోనే పట్టుకుంటారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఒకటో తరగతికి ఆరేళ్లు అంటుంది, అంతవరకూ ఆటపాటలతోనే నేర్పమంటుంది. అసలు అక్షరాభ్యాసంలో రాసేది పిల్లలా? వాళ్ల చెయ్యి పట్టుకుని మనం రాస్తాం. అంటే "నీ చదువుకి మేం తోడుంటాం" అని మనం ఇచ్చే మాట అది. పిల్లలకి పెట్టే పరీక్ష కాదు. పరీక్షే లేనప్పుడు ఫెయిల్ ఎక్కడిది?

ఇదే అత్తమ్మకి ఇంకోలా చెప్పాను. "అత్తమ్మా, పసుపు వేసిన నెలకే తవ్వుతామా? ఎనిమిది, తొమ్మిది నెలలు ఆగుతాం కదా" అన్నాను. నవ్వేసింది. నర్సరీ మాట ప్రస్తుతానికి ఆగింది.

మీరు వెళ్తే కొన్ని గుర్తుపెట్టుకోండి. పిల్లలు నిద్రపోయే టైమ్‌కి మండపంలో ఉండకండి. మేం చేసిన తప్పు అదే. ముందే కడుపు నిండా తినిపించండి. వారం ముందు నుంచే ఇంట్లో బియ్యంలో వేలితో గీతలు గీయిస్తే అదో ఆటైపోతుంది. గోదావరి మెట్ల దగ్గర నాచు ఉంటుంది, సెల్ఫీ కోసం కూడా పిల్లల చెయ్యి వదలకండి.

బాసరలో అమ్మవారి పసుపును ప్రసాదంగా ఇస్తారు. అది తింటే జ్ఞానం వస్తుందని నమ్మకం. పలక విసిరేసిన మా పాప ఆ పసుపు మాత్రం వేలితో నాకి, ఇంకా కావాలంది. పసుపు రైతు మనవరాలు కదా!

సరే మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.