మేస్త్రీల సీమలో పనుల తనిఖీదారు

దేశమున ననేక ప్రాజెక్టుల నిర్మాణమున పాలమూరు మేస్త్రీల, కూలీల చెమట కలదు. అట్టి సీమలో పురపాలక సంఘపు రోడ్లను, మురుగుకాలువలను కనిపెట్టు వర్కు ఇన్‌స్పెక్టరు గతి యెట్టిదో పాఠకులు విచారింతురుగాక!

కొలతల పుస్తకము వ్రాయు ఇంజనీరు దినమెల్ల పనికడ నుండజాలడు. సిమెంటు పాలెంత, ఇసుక పాలెంత, కాంక్రీటు మందమెంత, ఎన్ని దినములు తడిపిరి యని చూచువాడీ చిన్న యుద్యోగియే. అట్టివారిని ఏజెన్సీల ద్వారమున పొరుగుసేవకు దీసికొనుట రాష్ట్రమున వాడుకయైనది. 2021 జూన్‌లో ప్రభుత్వము పొరుగుసేవల వారికి తరగతిని బట్టి నెలకు 15,600, 19,500, 22,750 రూపాయలు నిర్ణయించినది. ఆ సొమ్ము కంటెను కొలువు నిలుకడలేమియే పెద్ద కొరత. నేడుండి రేపూడు నుద్యోగి పలుకుబడి గల కంట్రాక్టరు పనిని ఆపించగలడా?

74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలునకు వచ్చినది. రోడ్లు, నీటి సరఫరా పట్టణ సంఘములకు దగిన పనులని యందు గలదు. పోస్టులును జీతములును మాత్రము హైదరాబాదుననే తేలుచున్నవి. మహబూబ్‌నగరము 2025లో నగరపాలక సంస్థయైనది. పేరు పెరిగినది, సంతోషమే! ఆ పురవాసులును నల్లగొండవారును కోరవలసినది వేరొకటి: ఈ పోస్టులు బహిరంగ పరీక్షచే నింపబడవలెను, జీతము ఏజెన్సీ చేతిగుండ గాక ఖజానా నుండి నేరుగా రావలెను, తనిఖీదారు వ్రాత చూడక ఏ బిల్లును చెల్లింపరాదు.