ఆర్కెస్ట్రా ప్లగిన్ వాడినా మ్యూజిక్ కీబోర్డ్‌లాగే వినిపిస్తోందా? అసలు తేడా ఈ రెండు స్లైడర్ల దగ్గరే ఉంది!

ఖిలా వరంగల్ వెళ్లొచ్చిన ఎవరి ఫోన్‌లో చూసినా ఒక వీడియో పక్కాగా ఉంటుంది. సాయంత్రం ఎండలో కీర్తి తోరణం, దాని వెనక ఆకాశం, మెల్లగా పక్కకు కదిలే కెమెరా. నా ఫోన్‌లో కూడా ఉంది. ఆ నిమిషం క్లిప్‌కి సొంతంగా మ్యూజిక్ చేద్దామని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా. ఫ్రీ ఆర్కెస్ట్రా ప్లగిన్ ఒకటి డౌన్‌లోడ్ చేసి, వయొలిన్లు, చెల్లోలు పెట్టి, నాలుగు కార్డ్స్ వేసి ఫ్రెండ్‌కి పంపించా. వాడి రిప్లై ఒక్క లైనే: "అన్నా, ఇది కోట వీడియోనా, కాలర్ ట్యూనా?"

బాధేసింది కానీ వాడు చెప్పింది కరెక్టే. ప్లగిన్‌లో ఉన్నవి నిజమైన కళాకారులు వాయించగా రికార్డ్ చేసిన సౌండ్సే. ట్యూన్‌లో కూడా తప్పు లేదు. మరి ఎక్కడ తేడా కొట్టింది? మొదటి నోట్ నుంచి చివరి నోట్ దాకా అన్నీ ఒకే బలంతో మోగుతున్నాయి. మ్యూజిక్‌లో ఈ ఎత్తుపల్లాలనే డైనమిక్స్ అంటారు. మీకూ ఇదే ప్రాబ్లమ్ ఉంటే కొత్త లైబ్రరీ కొనే ముందు ఇది చదవండి.

శాంపిల్ లైబ్రరీ లోపల ఏముంటుంది?

ఒక్కో వాయిద్యాన్ని ఒక్కో నోట్ చొప్పున స్టూడియోలో రికార్డ్ చేసి, మనం కీ నొక్కగానే ఆ రికార్డింగ్ వినిపించేలా కట్టిన ప్యాకేజీనే శాంపిల్ లైబ్రరీ. ఉదాహరణకు స్పిట్‌ఫైర్ ఆడియో వాళ్ల బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా లైబ్రరీని లండన్‌లోని మైదా వేల్ స్టూడియోలో రికార్డ్ చేశారు. దాని ప్రొఫెషనల్ వెర్షన్ సుమారు 600 జీబీ. అదే ఫ్యామిలీలో ఉచితంగా దొరికే డిస్కవర్ వెర్షన్ కొన్ని వందల ఎంబీలే.

పెద్ద వెర్షన్‌కి అంత సైజ్ ఎందుకు? మైక్‌లు ఎక్కువ, వాయించే పద్ధతులు ఎక్కువ. ఇంకో ముఖ్యమైన కారణం డైనమిక్ లేయర్లు. అంటే ఒకే నోట్‌ని మెల్లగా ఒకసారి, మామూలుగా ఒకసారి, గట్టిగా ఒకసారి విడివిడిగా రికార్డ్ చేస్తారు. మన కంట్రోల్‌ని బట్టి ప్లగిన్ ఒక లేయర్ నుంచి ఇంకో లేయర్‌కి మెల్లగా మారుతుంది. దీన్నే క్రాస్‌ఫేడ్ అంటారు.

వాల్యూమ్ వేరు, డైనమిక్స్ వేరు

ఎవరైనా గుసగుసగా మాట్లాడిన వాయిస్ మెసేజ్‌ని ఫుల్ వాల్యూమ్‌లో పెట్టి వినండి. సౌండ్ పెద్దగానే వస్తుంది, కానీ అది ఇంకా గుసగుసే. అరుపు అవ్వదు. ఎందుకంటే అరిచేటప్పుడు గొంతు తీరే మారిపోతుంది.

డప్పు విషయంలో కూడా అంతే. మెల్లగా తట్టినప్పుడు వచ్చే నాదం వేరు, పండగ ఊరేగింపులో దంచి కొట్టినప్పుడు చెవిలో గుచ్చుకునే ఆ పదును వేరు. వయొలిన్ మీద కమాను గట్టిగా లాగితే సౌండ్ పెరగడంతో పాటు పదును కూడా పెరుగుతుంది. టెక్నికల్‌గా చెప్పాలంటే పై హార్మోనిక్స్ ఎక్కువ వినిపిస్తాయి.

నేను చేసిన తప్పు ఇదే. క్లైమాక్స్ దగ్గర ట్రాక్ వాల్యూమ్ పెంచా. అంటే గుసగుసని స్పీకర్‌లో పెద్దగా పెట్టా, అంతే.

గుర్తుపెట్టుకోవాల్సిన మూడు కంట్రోల్స్

మిడిలో చాలా కంట్రోల్స్ 0 నుంచి 127 వరకు ఉంటాయి. వాటిలో మనకు కావాల్సినవి ఇవి:

1. సీసీ1 (మోడ్ వీల్): చాలా ఆర్కెస్ట్రా లైబ్రరీల్లో సాగదీసే నోట్స్‌కి లేయర్లు మార్చేది ఇదే. కళాకారుడు ఎంత బలంగా వాయిస్తున్నాడో ఇది చెప్తుంది.
2. సీసీ11 (ఎక్స్‌ప్రెషన్): ఇది లేయర్ మార్చకుండా సౌండ్‌ని మాత్రం పెంచుతుంది, తగ్గిస్తుంది. నోట్ చివర మెల్లగా కరిగిపోవాలంటే ఇది బాగా పనికొస్తుంది.
3. వెలాసిటీ: కీని ఎంత వేగంగా నొక్కారన్నది. స్టకాటో, పిజ్జికాటో లాంటి చిన్న నోట్స్‌కి, డ్రమ్స్‌కి బలాన్ని ఇదే నిర్ణయిస్తుంది.

కొత్తవాళ్లు దెబ్బతినేది మూడో పాయింట్ దగ్గరే. పియానో అలవాటుతో కీని గట్టిగా నొక్కుతారు. సాగే నోట్స్‌లో చాలా లైబ్రరీలు ఆ బలాన్ని పట్టించుకోవు. కొన్ని లెగాటో ప్యాచ్‌లలో అయితే వెలాసిటీ ఒక నోట్ నుంచి ఇంకో నోట్‌కి జారే వేగాన్ని మారుస్తుంది. కాబట్టి మీ లైబ్రరీ మాన్యువల్‌లో ఈ ఒక్క పేజీ అయినా తప్పకుండా చదవండి.

సీసీ7 అనే ఇంకో వాల్యూమ్ కంట్రోల్ కూడా ఉంది. దాన్ని మిక్సింగ్‌కి వదిలేయండి.

తోరణం క్లిప్‌తో ప్రాక్టికల్‌గా చేద్దాం

ఆ నిమిషం వీడియోని నేను మళ్లీ ఇలా చేశా. నంబర్లు మీ లైబ్రరీని బట్టి మారతాయి, ఐడియా మాత్రం ఇదే.

- 0 నుంచి 15 సెకన్లు: శిథిలమైన గుడి రాళ్లు, స్తంభాలు. చెల్లో, వయోలా మాత్రమే. సీసీ1 20 దగ్గర మొదలై 35 దాకా వెళ్తుంది.
- 15 నుంచి 35 సెకన్లు: కెమెరా పైకి లేస్తుంది. వయొలిన్లు చేరతాయి. సీసీ1 40 నుంచి 75 దాకా, మధ్యలో ఒకసారి కొంచెం తగ్గి మళ్లీ లేస్తుంది.
- 38వ సెకను దగ్గర: తోరణం ఫ్రేమ్ నిండా వస్తుంది. సీసీ1 105. ఇక్కడ రెండు మూడు సెకన్లకు మించి ఉండలేదు.
- ఆ తర్వాత: మెల్లగా 30కి దిగడం. చివరి నోట్‌ని సీసీ11తో సున్నా దాకా కరిగించడం.

105 పెద్దగా అనిపించడానికి కారణం ముందున్న 20. మొదటి నుంచీ 100 దగ్గరే ఉంటే క్లైమాక్స్‌కి వెళ్లడానికి చోటే ఉండదు.

ఇంకో విషయం, సాగే ఏ నోట్‌నీ గీత గీసినట్టు తిన్నగా వదలొద్దు. కమాను పొడవుకి ఒక హద్దు ఉంటుంది, ఫ్లూట్ వాయించేవాళ్లకు ఊపిరి ఉంటుంది. అందుకే నిజమైన నోట్ కొంచెం ఉబ్బి, మళ్లీ తగ్గుతుంది. మీ ట్యూన్‌ని ముందు నోటితో పాడి చూడండి. మీరు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో అక్కడ కర్వ్ దిగాలి.

ఫేడర్ లేదా? చేతిలో ఫోన్ ఉందిగా!

ఈ కర్వ్‌లని మౌస్‌తో గీయొచ్చు. కానీ నోట్స్ ప్లే అవుతుండగా చేత్తో స్లైడర్ జరుపుతూ రికార్డ్ చేస్తే చాలా సహజంగా వస్తుంది. కోర్గ్ నానోకంట్రోల్2 లాంటి డివైస్‌లో ఎనిమిది ఫేడర్లు ఉంటాయి. ఒకటి సీసీ1కి, ఇంకోటి సీసీ11కి పెట్టుకుంటే రెండు వేళ్లతో పని అయిపోతుంది.

అదీ కొనక్కర్లేదు అనుకుంటే మీ పాత ఆండ్రాయిడ్ ఫోన్ తీయండి. ఆండ్రాయిడ్ 6.0 నుంచి యూఎస్‌బీ మిడి సపోర్ట్ ఉంది. కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, నోటిఫికేషన్‌లో వచ్చే యూఎస్‌బీ ఆప్షన్స్‌లో మిడి సెలెక్ట్ చేయండి. చాలా ఫోన్లలో ఈ ఆప్షన్ కనిపిస్తుంది. తర్వాత టచ్ఓఎస్‌సీ లాంటి యాప్‌లో రెండు స్లైడర్లు పెట్టుకుంటే చాలు. ఇక్కడ ఫోన్ స్పీడ్, ర్యామ్ పెద్దగా లెక్కలోకి రావు. అది సౌండ్ చేయడం లేదు, నంబర్లు పంపిస్తోంది అంతే.

ఈ తప్పులు చేయకండి

- ఒకే కర్వ్‌ని అన్ని వాయిద్యాలకు కాపీ పేస్ట్ చేయొద్దు. చెల్లోలు కాస్త ముందు లేస్తే, వయొలిన్లు వెనక అందుకుంటే మనుషులు వాయించినట్టు ఉంటుంది.
- సోలో వయొలిన్‌లో సీసీ1ని రెండు లేయర్ల మధ్య ఎక్కువసేపు ఆపొద్దు. రెండు రికార్డింగ్‌లు ఒకేసారి మోగి, ఇద్దరు వాయిస్తున్నట్టు అనిపించే ఛాన్స్ ఉంది.
- చివర్లో లిమిటర్ వేసి అంతా ఒకే ఎత్తుకి నొక్కేయొద్దు. ఇంత కష్టపడి గీసిన కొండలు, లోయలు చదునైపోతాయి. మరీ లౌడ్‌గా ఉన్న ఆడియోని యూట్యూబ్ ఎలాగూ తగ్గించేస్తుంది.
- ఫోన్ స్పీకర్‌లో విని ఫైనల్ చేయొద్దు. చెల్లో కింది నోట్స్ అందులో సరిగ్గా వినిపించవు. ఇయర్‌ఫోన్స్‌లో ఒకసారి, స్పీకర్‌లో ఒకసారి చెక్ చేయండి.

ఫ్రీ లైబ్రరీ సరిపోతుందా?

నేర్చుకోవడానికి హాయిగా సరిపోతుంది. చిన్న లైబ్రరీల్లో లేయర్లు తక్కువ కాబట్టి సీసీ1 మొత్తం జరిపినా సౌండ్ తీరు కొంచెమే మారొచ్చు. అలాంటప్పుడు పదునుని ఇంకో రకంగా తేవాలి. క్లైమాక్స్ దగ్గర వయొలిన్లని పై ఆక్టేవ్‌కి తీసుకెళ్లండి, కింద హార్న్స్ చేర్చండి. ఎంత పెద్ద లైబ్రరీ కొన్నా గమకాలు మాత్రం అంత తేలిగ్గా లొంగవు. మన రాగాలు వాయించాలంటే ఒక్క సోలో వయొలిన్ అయినా మనిషితో రికార్డ్ చేయించడం బెటర్.

ఈ కోటని ఏలిన రుద్రమదేవి కథతో 2015లో గుణశేఖర్ సినిమా తీస్తే, దానికి సంగీతం ఇచ్చింది ఇళయరాజా. ఆయన ఆర్కెస్ట్రాకి నోట్స్ కాగితం మీద రాసే మనిషి. వెస్టర్న్ స్కోర్‌లో నోట్స్ కింద 'మెల్లగా', 'గట్టిగా', 'పెంచుకుంటూ పో' అని చెప్పే గుర్తులు ఉంటాయి. సీసీ1 కర్వ్ గీస్తున్నప్పుడు మనం చేసేది కూడా ఆ పనే. ఎదురుగా కళాకారులు లేరు కాబట్టి, ఆ గుర్తులని మనమే రాసి మనమే వాయించాలి.

రెండో వెర్షన్‌ని మళ్లీ అదే ఫ్రెండ్‌కి పంపించా. అదే ప్లగిన్, అవే నాలుగు కార్డ్స్, ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఈసారి వాడు మ్యూజిక్ గురించి ఏమీ అనలేదు. "ఆదివారం కోటకి పోదామా?" అని అడిగాడు.