కుట్లు మానాక మొదలయ్యే కష్టం

కర్నూలు పెద్దాసుపత్రి నుంచి తలకట్టుతో పిల్లవాడు ఇంటికొస్తే, గండం గడిచిందని ఊరంతా ఊపిరి పీల్చుకుంటుంది. బైకు ట్యాంకు మీద కూర్చుని వస్తూ పడినవాడో, మిద్దె మీంచి జారినవాడో. నడుస్తున్నాడు, అన్నం తింటున్నాడు, పేరడిగితే చెబుతున్నాడు. అసలు కష్టం కొన్ని నెలలకు కనబడుతుంది. చిన్న మాటకే పళ్లెం విసిరేస్తాడు. లెక్క సగంలో వదిలేస్తాడు. కుళాయి దగ్గర వంతు వచ్చేదాకా ఆగలేక ముందున్నవాణ్ణి తోసేస్తాడు. గారాబం ఎక్కువైందని ఒకరు, గాలి సోకిందని ఇంకొకరు అంటారు. ఇంట్లో తాయెత్తు, బడిలో బెత్తం.

తల గట్టిగా అదిరినప్పుడు మెదడు ముందుభాగం, కణతల వైపు భాగం పుర్రె లోపలి గరుకు ఎముకకు ఒరుసుకుంటాయి. కోపాన్ని ఆపుకోవడానికి, పనిని వరుసలో పెట్టుకోవడానికి, ఎదుటివాళ్ల మనసు కనిపెట్టడానికి ఆ భాగాలే ఆధారం. పిల్లవాడిది పొగరు కాదు, గాయం.

చిన్నపిల్లలు తొందరగా కోలుకుంటారన్న నమ్మకం 1930లలో మార్గరెట్ కెన్నార్డ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాలతో బలపడింది. తీవ్రమైన దెబ్బల విషయంలో ఆ నమ్మకం నిలబడలేదు. మెదడు ముందుభాగం ఇరవై ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి రెండో తరగతిలో తగిలిన దెబ్బ, పాఠాలు బరువెక్కే ఏడో తరగతిలో బయటపడొచ్చు. అప్పటికి దాని సంగతి ఎవరికి గుర్తుంటుంది? కోసిగి, ఆదోని వైపు నుంచి సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస, పోయే కుటుంబాల్లో అయితే మరీ కష్టం. పిల్లలు బడి మానేస్తారు, చేతిలో ఉన్న ఆసుపత్రి కాగితాలూ పోతాయి.

స్వల్పంగా దెబ్బ తగిలిన పిల్లల్లో ఎక్కువమంది కొన్ని వారాల్లోనే మామూలవుతారు. తీవ్రంగా తగిలినవాళ్లు ఎంతవరకు కోలుకుంటారన్నది గాయంతో పాటు ఇంటి వాతావరణం మీదా ఆధారపడుతుంది. వేళకు నిద్ర, ఒకసారికి ఒకే పని చెప్పడం, మొదట్లో బడి సగం పూటే ఉంచడం మేలు చేస్తాయి. కన్నవాళ్లూ నలిగిపోతారు. ఆ రోజు బండి నడిపిన తండ్రి తప్పు తనదేనని కుమిలిపోతూ అడిగిందల్లా కొనిస్తాడు. తల్లి నిద్రకు దూరమవుతుంది. వాళ్లకూ ఆసరా కావాలి. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో మానసిక వైద్యులు ఉన్నారు. మానసిక సమస్యలకు సలహా ఇచ్చే టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. బడిలో వెనకబడితే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో అడగాలి.

డిశ్చార్జి కాగితాన్ని బియ్యం డబ్బాలో దాచి మరిచిపోవద్దు. ఏటా జూన్‌లో బడి తెరవగానే దాని జెరాక్సు కాపీ కొత్త సారుకు ఇచ్చి, దెబ్బ ఎప్పుడు తగిలిందో, అప్పట్నుంచి పిల్లవాడిలో ఏం మారిందో చెప్పండి.