నెలల బిడ్డకి నీళ్ళ విరేచనాలు: అంత భయం ఎందుకు? కాపాడేదెలా?

"పళ్ళొస్తున్నాయి కదా, విరేచనాలు అవుతాయిలే." పొందూరులో రాట్నం ముందు కూర్చున్న అత్త కోడలికి చెప్పే ధైర్యం ఇది. ఆ ధైర్యమే ఒక్కోసారి బిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది. నీళ్ళ విరేచనాలు పళ్ళ వల్ల రావు. చాలాసార్లు కారణం రోటావైరస్ లాంటి క్రిములు.

పెద్దవాళ్ళు తట్టుకుంటారు, పసిబిడ్డ ఎందుకు తట్టుకోలేదు?

చిన్నపేగులో నీటిని పీల్చుకునే కణాలను వైరస్ చంపేస్తుంది. 5 కిలోల బిడ్డ ఒంట్లోంచి అర లీటరు పోతే బరువులో పదో వంతు పోయినట్టే. రక్తప్రసరణ పడిపోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. రక్తంలో ఉప్పు, చక్కెర పాళ్ళు తప్పితే ఫిట్స్ వస్తాయి. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, బరువు తక్కువవాళ్ళు, సీసాపాల మీద ఉన్నవాళ్ళు ఇంకా త్వరగా నీరసిస్తారు.

ఒంట్లో నీరు తగ్గిందని ఎలా గుర్తుపట్టాలి?

నడినెత్తిన మాడు తడిమి చూడండి, గుంటపడిందా? పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదలండి. మడత వెంటనే పోకపోతే నీరు తగ్గిందన్నమాట. 6 గంటలుగా ఉచ్చ పోయకపోయినా, మగతగా పడుకుని పాలు తాగకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళండి.

పేగు పాడైనా, పోయిన నీటిని నింపే ఓఆర్‌ఎస్ ఎలా పనిచేస్తుంది?

గ్లూకోజు, ఉప్పు జతగా వెళ్ళే దారి అప్పుడూ మూసుకుపోదు. వాటి వెంట నీరూ లోపలికి వెళ్తుంది. అందుకే పాళ్ళు ముఖ్యం. లీటరు పొట్లాన్ని కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి. విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో పట్టాలి. కక్కితే 10 నిమిషాలు ఆగి మళ్ళీ మెల్లగా. తల్లిపాలు మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు.

తియ్యటి పానీయాల డబ్బాల మీదా ఓఆర్‌ఎస్ అని అచ్చేసి అమ్మారు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఎంతమంది తల్లులు ఆ పానీయాన్నే మందనుకుని పట్టి ఉంటారో తలుచుకుంటే బాధేస్తుంది.

ముందే ఆపలేమా?

రోటావైరస్ టీకాను దేశంలో మొదట అందుకున్న 4 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. 6, 10, 14 వారాలకు నోట్లో వేస్తారు. అన్ని వైరస్‌లనూ ఆపలేదు గానీ, రోటావైరస్ తెచ్చే పెద్ద ముప్పును బాగా తగ్గిస్తుంది. మీ బిడ్డ టీకా కార్డు ఇవాళే తీసి చూడండి. రోటావైరస్ గడి ఖాళీగా ఉంటే ఊరి నర్సు ఏఎన్‌ఎమ్మమ్మని అడగండి. మొదటి మోతాదు ఏడాది నిండేలోపే పడాలి.