వైరసు పోయిన పిదప చేయవలసిన పని

పటాన్‌చెరువు దాటి ముంబయి రహదారిపై పోవునపుడు ఇస్నాపూరు చౌరస్తా తగులును. అచ్చటినుండి పాశమైలారము పారిశ్రామికవాడకు పోవు దారిలో టీకొట్లు, కిరాణా దుకాణములు, సెల్‌ఫోను మరమ్మతు చేయువారి గదులు వరుసగా ఉన్నవి. వాని నడుమ మా చిరకాల మిత్రుడొకడు జిరాక్సు, ఆన్‌లైను సేవల దుకాణము నడుపుచున్నాడు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక జిరాక్సు యంత్రము, ఇంతే అతని పెట్టుబడి. అయినను ఆదివారమునాడు ఆ గది ముందు నిలుచుటకు చోటుండదు. ఒడిశా, బీహారు, ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములనుండి వచ్చి ఇచ్చటి కర్మాగారములలో పనిచేయువారు, చుట్టుపట్ల గ్రామముల రైతులు, పరీక్షలకు దరఖాస్తు పెట్టుకొను విద్యార్థులు అందరును అచ్చటికే వత్తురు. ఒకరికి భవిష్యనిధి సొమ్ము కావలెను. ఒకరికి ఊరికి పోవుటకు రైలు టిక్కెట్టు కావలెను. మరియొకరికి ఆధార్ ప్రతి, భూమి పత్రముల నకలు కావలెను.

గడచిన కార్తీకమాసములో మిత్రుడు మాకు ఫోను చేసి, కంప్యూటరు దినమునకు పది సారులు ఆగిపోవుచున్నదని మొరపెట్టుకొనెను. దరఖాస్తు సగము నింపునప్పటికి తెర నీలివర్ణమునకు మారి యంత్రము తనంతట తానే మరల మొదలగుచుండెను. బ్యాంకు పేరు టైపు చేసినచో మరేదో జూదపు ప్రకటన వచ్చుచుండెను. గిరాకీదారుల పెన్‌డ్రైవులలోని ఫోల్డరులన్నియు మాయమై, వాని స్థానమున షార్ట్‌కట్ గుర్తులు మాత్రము మిగులుచుండెను. మేము ఇంజనీరులము కాము. కాని కార్యాలయపు కంప్యూటరులతో ఇరువది యేండ్లుగా తంటాలు పడినవారము గనుక, ఆ ఆదివారము మధ్యాహ్నము సంచిలో ఒక స్క్రూడ్రైవరును, కొత్త పెన్‌డ్రైవు నొకదానిని వేసికొని పోయితిమి.

వైరసు అనగా జీవి కాదు. అదియు మనుష్యులు వ్రాసిన ప్రోగ్రామే. మనము వ్రాయించుకొన్న ప్రోగ్రాము మన పని చేయును, ఇది దానిని వ్రాసినవాని పని చేయును. తన ప్రతిని తానే తయారుచేసికొని వేరొక ఫైలులోనికో, వేరొక యంత్రములోనికో ప్రాకుట దీని లక్షణము. ఐ.బి.ఎమ్. తరహా సొంత కంప్యూటరులకు సోకిన తొలి వైరసుగా పేర్కొనబడు ‘బ్రెయిన్’ 1986లో లాహోరు నగరమున పుట్టినది. దానిని వ్రాసిన అన్నదమ్ములిద్దరు తమ పేర్లను, దుకాణపు చిరునామాను, ఫోను నెంబరును కూడ అందులో వ్రాసికొనిరి! అది ఫ్లాపీ బిళ్లలనుండి ఫ్లాపీ బిళ్లలకు వ్యాపించెను. ఫ్లాపీలు పోయినవి, పెన్‌డ్రైవులు వచ్చినవి, త్రోవ మాత్రము మారలేదు. ఇంటింటి పెన్‌డ్రైవు వచ్చి గ్రుచ్చుకొను జిరాక్సు దుకాణము ఈ అంటువ్యాధికి సంతవంటిది.

స్పైవేరు అనబడునవి వేరు జాతి. ఇవి వేగులవాండ్రు. యంత్రమును పాడుచేయుట వీని ఉద్దేశము కాదు, యంత్రము చక్కగా నడచినంతకాలమే వీనికి లాభము. ఏ మీటలు నొక్కితిమి, ఏ రహస్యపదము టైపు చేసితిమి, ఏ పత్రము తెరచితిమి అనునది గమనించి దూరముననున్న యజమానికి పంపుచుండును. కావున యంత్రము ఆగిపోవుచున్నదని మిత్రుడు బాధపడెను గాని, ఒక విధముగా అది మేలే చేసినది. ఆగకుండ నడచియున్నచో మేము చూడనే చూడకపోదుము.

ముందుగా ఇంటర్నెట్టు తీగను ఊడదీసితిమి. గిరాకీదారుల పత్రములలో కావలసినవానిని వేరొక డిస్కులోనికి ఎత్తిపెట్టితిమి. పత్రములనే గాని ప్రోగ్రాములను ఎత్తలేదు. ఈ పనిని చికిత్సకు ముందే చేయవలెను, ఏలనన చికిత్సలో యంత్రము పూర్తిగా పడిపోవుటయు కలదు. పిదప కంప్యూటరును సేఫ్ మోడ్ అను స్థితిలో తెరచితిమి. ఈ స్థితిలో విండోసుకు అత్యవసరమైన భాగములు మాత్రమే మేల్కొనును. దొంగ ప్రోగ్రాములలో పెక్కు నిద్రలోనే ఉండును. విండోసుతోపాటు ఉచితముగా వచ్చు డిఫెండరు అను కావలి ప్రోగ్రామును ఎవరో ఆపివేసియుండిరి. మా యింటి కంప్యూటరులో దింపుకొని వచ్చిన మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానరును నడిపితిమి. ఇదియు ఉచితమే, కాని దింపుకొన్న పది దినములకు పనికిరాకుండ పోవును గనుక ప్రతిసారి కొత్తది తెచ్చుకొనవలెను. అనంతరము డిఫెండరును మరల మేల్కొలిపి, విండోసు తెరచుకొనకముందే వెదకు ఆఫ్‌లైన్ పరీక్షను చేయించితిమి.

దొరికినవానిలో పెన్‌డ్రైవుల షార్ట్‌కట్ వైరసు ఒకటి, ప్రకటనలు చూపు ప్రోగ్రాములు కొన్ని, మీటల నొక్కుడును వ్రాసికొను వేగు ఒకటి కలవు. అవి ఎట్లు వచ్చినవని అడుగగా మిత్రుడు కొంచెము సంకోచించి చెప్పెను. రెండేండ్ల క్రిందట ఒక కుర్రవాడు వచ్చి, రొక్కము చెల్లింపకయే విండోసు నడచునట్లు చేసిపోయెనట. ఆ పని చేయు ప్రోగ్రాము మొట్టమొదటి షరతుగా కావలిని ఆపుమని కోరును. దొంగను పిలిచి కుక్కను కట్టివేయుమన్నట్లున్నది గదా! ఊరకే వచ్చిన విండోసుకు అతడు చెల్లించిన వెల ఎంతయో ఆ సాయంత్రము తెలిసినది.

సాయంత్రము 6 గంటలకు వెదకు ప్రోగ్రాములన్నియు ‘ఏమియు లేదు’ అని చెప్పినవి. మిత్రుడు సంతోషించి టీ తెప్పించెను. టీ త్రాగి ముగించునంతలో తెర మరల నీలివర్ణమునకు మారెను. పైగా ఇంటర్నెట్టు తీగను తగిలించినను ఒక్క పుటయు తెరచుకొనలేదు. “వైరసు పోయిందని నువ్వే అంటివి గద, మల్ల గిట్లెందుకైతుంది?” అని మిత్రుడు అడిగెను.

ఈ ప్రశ్న కొరకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము. చెదలు పట్టిన ద్వారబంధమునకు మందు కొట్టినచో చెదలు చచ్చును. అవి తినివేసిన కొయ్య తిరిగి రాదు. కంప్యూటరు విషయమును అట్టిదే. వెదకు ప్రోగ్రాము దొంగను పట్టి వెడలగొట్టును గాని, దొంగ పగులగొట్టిన తాళములను బాగుచేయుట ఎల్లప్పుడును దానివలన కాదు. చాలమంది ఈ ఘట్టముననే విసిగి, యంత్రము పనికిరాదని అమ్మివేయుదురు. లేదా మరల ఉచితపు విండోసు నెక్కించు కుర్రవానినే పిలుతురు.

ఇంటర్నెట్టు ఏల తెరచుకొనలేదు? ప్రకటనల ప్రోగ్రాము మిత్రుని రాకపోకల నన్నిటిని తన గుండా మళ్లించుకొనుటకై ప్రాక్సీ అను అమరికను మార్చియుండెను. ఇప్పుడు ఆ ప్రోగ్రాము లేదు, మళ్లింపు మాత్రము మిగిలినది. వంతెన కూలిపోయినను దారి చూపు బోర్డు అటే చూపుచున్న చందముగా నుండెను. ప్రాక్సీ అమరికను తీసివేయగా పుటలు తెరచుకొన్నవి. బ్రౌజరులోని తెలియని పొడిగింపులను తొలగించి, దానిని తొలి స్థితికి తెచ్చితిమి.

తరువాత విండోసు సొంత ఫైలుల సంగతి. విండోసు తన ముఖ్యమైన ఫైలులకు మారుప్రతులను ఒకచోట దాచుకొనును. ఎస్.ఎఫ్.సి. స్కాన్‌నౌ అను ఆజ్ఞ ఇచ్చినచో ఒక్కొక్క ఫైలును ఆ మారుప్రతితో పోల్చి, చెడినదానిని మార్చును. మారుప్రతులే చెడియున్నచో ముందుగా డి.ఐ.ఎస్.ఎమ్. అను వేరొక ఆజ్ఞతో వానిని ఇంటర్నెట్టు ద్వారా కొత్తగా తెప్పించుకొనవలెను. ఇంటర్నెట్టును ముందు బాగుచేసితిమి గనుక ఈ వరుస కుదిరినది. రెండు ఆజ్ఞలకును కలిపి ముప్పావుగంట పట్టెను. పెన్‌డ్రైవులలో మాయమైనవన్న ఫోల్డరులు నిజముగా పోలేదు. వైరసు వానిపై దాపరికపు గుర్తు వేసియుండెను. ఆట్రిబ్ అను ఆజ్ఞతో ఆ గుర్తును తుడువగా అన్నియు బయటపడినవి. ఒక విద్యార్థిని తన రికార్డు పోయినదని రెండు దినములుగా ఏడ్చుచున్నదట. ఆమెకు వెంటనే కబురు చేసితిమి.

అయినను ఆ రాత్రి యంత్రము మరొకసారి ఆగెను. ఈసారి నీలి తెరపై వచ్చిన మాటను కాగితముపై వ్రాసికొంటిమి. అందరును ఆ తెరను చూచి భయపడుదురే గాని చదువరు. అందులో ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని యున్నది. ఇది ప్రోగ్రాముల లోపముననైనను, ర్యామ్ అను జ్ఞాపకపు చీటీ లోపముననైనను రావచ్చును. విండోసులోనే యున్న మెమరీ పరీక్ష నడుపగా తప్పులు చూపెను. కరెంటు తీసివేసి పెట్టె మూత విప్పితిమి. రహదారి లారీల దుమ్ము, జిరాక్సు యంత్రపు నల్లని పొడి కలిసి ఫ్యానుపై దూదిపింజవలె పేరుకొనియుండెను. బ్రష్షుతో మెల్లగా దులిపి, ర్యామ్ చీటీల అంచులను పెన్సిలు రబ్బరుతో తుడిచి, మరల బిగించితిమి. చీటీలు రెండు. ఒక్కొక్కదానిని విడిగా పెట్టి పరీక్షింపగా ఒకటి మంచిది, ఒకటి చెడినది. చెడినదానిని తీసివేసిన పిదప నేటివరకు ఆ యంత్రము ఆగలేదు. వైరసునకు, ర్యామ్ చీటీకి సంబంధము లేదు. రెండు జబ్బులు ఒకే రోగికి ఒకేసారి వచ్చినవి, మొదటిది రెండవదానిని కప్పిపుచ్చినది.

యంత్రము బాగుపడెను. కాని దానిపై టైపు చేసినవారి సంగతి యేమి? వేగు ఎంతకాలముగా ఉన్నదో, ఏమేమి పంపినదో యంత్రము చెప్పదు. అచ్చట కూర్చుండి బ్యాంకు రహస్యపదము, భవిష్యనిధి ఖాతా రహస్యపదము కొట్టినవారు వందలలో ఉందురు. డౌన్‌లోడ్స్ ఫోల్డరు నిండ ఆధార్ ప్రతులు పడియుండెను. ఆధార్ ప్రతికి తాళమున్నదని కొందరు ధైర్యముగా నుందురు. ఆ తాళము పేరులోని మొదటి 4 అక్షరములు, పుట్టిన సంవత్సరము మాత్రమే. పేరు, వయస్సు తెలిసినవానికి అది తాళమే కాదు.

గిరాకీదారులకు చెప్పుమని మేము కోరితిమి. మిత్రుడు ఒప్పుకొనలేదు. చెప్పినచో దుకాణము మూతపడునని అతని భయము, అది నిరాధారమైనది కాదు. ఒక గంట వాదించుకొంటిమి. తుదకు అతడే ఒక అట్టపై తెలుగులోను హిందీలోను వ్రాసి తగిలించెను: ఈ దుకాణములో రహస్యపదము కొట్టినవారు దానిని తమ ఫోనునుండి వెంటనే మార్చుకొనగలరు. మరుసటి వారము గిరాకి కొంత తగ్గినమాట నిజము.

ఆ అట్ట చదివినవారిలో ఒడిశా కార్మికుడొకడు ఆగిపోయెను. రెండు నెలల క్రితము తన ఖాతానుండి 4,000 రూపాయలు పోయినవట. గదిలో తనతో ఉండువాడే ఫోను చూచి తీసినాడని తలచి అతనితో మాటలు మానివేసెనట. ఈ దుకాణమున బ్యాంకు పుట తెరచి, ఫోనుకు వచ్చిన ఓ.టి.పి.ని కూడ ఇచ్చటనే కొట్టినట్లు అతనికి గుర్తున్నది. ఆ సొమ్ము ఈ యంత్రమువలననే పోయినదని మేము రూఢిగా చెప్పజాలము. 1930 నెంబరునకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించితిమి. ఈ నెంబరునకు సొమ్ము పోయిన గంటలోనే చెప్పినచో, అది చేతులు మారకముందే బ్యాంకులు నిలుపుటకు అవకాశమెక్కువ. రెండు నెలల తరువాత ఆశ తక్కువ. ఈ వ్యాసము వ్రాయునాటికి సొమ్ము తిరిగి రాలేదు. గదిలోని మిత్రునితో మాత్రము అతడు మాటలాడుచున్నాడు.

రోగము ఎంత పెద్ద వ్యవస్థలోనికైనను రాగలదు. 2017 మే 12న వాన్నాక్రై అను పురుగు ప్రపంచమున సుమారు 150 దేశములలో ఫైలులకు తాళమువేసి సొమ్ము అడిగెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటరులలో కొన్నిటికిని అది సోకెను. అది చొరబడు కంతను పూడ్చు దిద్దుబాటును మైక్రోసాఫ్ట్‌వారు ఆ మార్చి నెలలోనే విడుదల చేసియుండిరి. వేసికొనని యంత్రములే పడిపోయినవి. నెలనెల వచ్చు దిద్దుబాట్లను ‘రేపు చూతము’ అని వాయిదా వేయువారు ఈ సంగతిని గమనింపవలెను.

మిత్రుని దుకాణమున ఇప్పుడు కొన్ని మార్పులు జరిగినవి. గిరాకీదారులకు వేరొక యూజరు ఖాతా ఏర్పరచితిమి. ఆ ఖాతానుండి కొత్త ప్రోగ్రాము నెక్కించుటకు వీలులేదు. పెన్‌డ్రైవు పెట్టగానే పరీక్షించిన తరువాతనే తెరచుచున్నారు. రాత్రి తాళము వేయకముందు డౌన్‌లోడ్స్ ఫోల్డరును, చెత్తబుట్టను ఖాళీ చేయుచున్నారు. కేంద్ర ప్రభుత్వమువారు 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రమువారి వెబ్‌సైటులో వైరసులను తొలగించు పనిముట్లు ఉచితముగా లభించును. వానిని కూడ దింపి ఇచ్చితిమి. వెలలేని దొంగ ప్రోగ్రాముల జోలికి పోనక్కరలేదని అతనికి ఇప్పుడు తెలిసినది.

ఇంకొక చిక్కు మిగిలియున్నది. ఆ యంత్రములోనిది విండోస్ 10. దానికి సాధారణముగా ఇచ్చు ఉచిత దిద్దుబాట్లు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. పొడిగింపునకు నమోదైన యంత్రములకు మాత్రమే ఇంకను అందుచున్నవి. విండోస్ 11 నడుపుటకు ఆ పాత మదర్‌బోర్డు చాలదు. తాత్కాలికముగా పొడిగింపునకు నమోదు చేసితిమి. రొక్కము కూడగానే వేరొక యంత్రము కొందునని మిత్రుడు చెప్పుచున్నాడు. లినక్సు అను ఉచితపు ఏర్పాటును ఎక్కించి చూడుమని మేము చెప్పుచున్నాము. ప్రింటరు దానితో నడచునో లేదో వచ్చు ఆదివారము పోయి చూడవలెను.